పాత చేతి గడియారాల యంత్రాలు: గుర్తింపు, కాలనిర్ణయం

పాత గడియారం ఒకటి బయటపడినప్పుడు ఎవరైనా ముందుగా అడిగేది అది ఎప్పటిదని. వినడానికి ఇది ఒక్క ప్రశ్నే గాని ఇందులో కనీసం మూడు ప్రశ్నలు ఇమిడి ఉంటాయి. గడియారమంటే లోపలి యంత్రం, దానిని కప్పి ఉంచే కేసు, ముళ్ళ వెనుక కనిపించే డయలు అనే మూడు వస్తువుల కూర్పు. ఈ మూడూ తరచుగా వేర్వేరు కర్మాగారాల్లో, కొన్నిసార్లు వేర్వేరు దేశాల్లో తయారై, ఆపైన ఎక్కడో ఒకచోట జతపడతాయి. జతపడిన తరువాత కూడా మరమ్మతుల్లో విడిపోయి వేరేవాటితో కలుస్తాయి. పుస్తకాల్లో మూవ్‌మెంట్ అనీ, రిపేరు బల్లల దగ్గర మిషను అనీ వ్యవహరించే లోపలి యంత్రం ఈ మూడింటిలోనూ నమ్మదగిన సాక్షి అని సేకర్తలు, వేలం సంస్థలు, మ్యూజియంలు చాలాకాలంగా అంగీకరిస్తున్నాయి. ఆ సాక్ష్యం ఎంతవరకు నిలుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది, ముఖ్యంగా తెలుగు నేల మీద దొరికే గడియారాల విషయంలో, ఇప్పటికీ విడమరచి చెప్పవలసిన సంగతి.

ఈ పరిశీలనకు నేరేడుచర్ల, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం తగిన క్షేత్రం. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడే వరకు ఇదంతా నల్లగొండ జిల్లా. 1948 సెప్టెంబరు వరకు నిజాం రాజ్యపు ఆగ్నేయపు అంచు. కృష్ణకు ఈవల హైదరాబాదు సంస్థానం, ఆవల మద్రాసు రాజధాని ఉండడం వల్ల ఈ పల్లెలకు విలువైన వస్తువులు రెండు దారుల్లో వచ్చే వీలుండేది: ఒకటి హైదరాబాదు, సికింద్రాబాదు దుకాణాల దారి, రెండవది బెజవాడ మీదుగా మద్రాసు దారి. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వదిలిన తరువాత వరి, రైసు మిల్లులు, వాటితోపాటు చేతిలో డబ్బు పెరిగాయి. పెళ్ళిలో అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో పెట్టడమనే తెలుగు ఆచారానికి ఆ పంట డబ్బు తోడైంది. ఈ కారణంగా ఇక్కడి ఇళ్ళ బీరువాల్లో ఉండగల గడియారాలను మూడు పొరలుగా విడదీసి చూడవచ్చు: నిజాం కాలపు జేబు గడియారాలు, తొలి స్విస్ చేతి గడియారాలు ఒక పొర, స్వాతంత్ర్యం తరువాతి స్విస్ గడియారాలు రెండవ పొర, హెచ్.ఎం.టి., ఆల్విన్, గల్ఫ్ నుంచి వచ్చిన సీకో మూడవ పొర. కాలనిర్ణయ పద్ధతి ఒక్కో పొరకు ఒక్కో విధంగా మారుతుంది.

వెనుక మూత తెరవగానే కనిపించే దృశ్యాన్ని ముందుగా వర్ణించడం అవసరం. పాత కీ వాచీలో, అంటే రోజూ మర తిప్పి స్ప్రింగును బిగించవలసిన గడియారంలో, ఒక మందపాటి అడుగు పలక మీద రెండు మూడు పైపలకలు స్క్రూలతో బిగించి ఉంటాయి. వీటిని బ్రిడ్జీలు అంటారు. ఒక పక్క పెద్ద పళ్ళ చక్రం, దాని కింద మెయిన్ స్ప్రింగు చుట్టి ఉన్న డబ్బా. మరొక పక్క, ఒంటికాలి మీద నిలిచిన చిన్న బ్రిడ్జి కింద, అటూ ఇటూ ఊగుతూ ఉండే బ్యాలెన్స్ చక్రం, దాని మీద వెంట్రుక మందాన చుట్టుకున్న హెయిర్ స్ప్రింగు. ఆ ఊపే గడియారపు ప్రాణం. దానిని లెక్కగట్టి ఒక్కొక్క పన్ను చొప్పున చక్రాలను వదిలే అమరికను ఎస్కేప్‌మెంట్ అంటారు. ఇరుసుల చివరలు అరగకుండా ఆనించిన ఎర్రని రాళ్ళు బ్రిడ్జీల మీద చుక్కల్లా మెరుస్తాయి. డయలు మీద 17 జ్యువెల్స్ అని రాసేది వీటి లెక్కే. ఈ రాళ్ళకు బంగారం అంగడిలో విలువ ఉంటుందని నమ్మి పాత వాచీలను విప్పించినవారు లేకపోలేదు. 1902లో వెర్నోయ్ పద్ధతి వెల్లడైన తరువాత గడియారాల్లోని కెంపులు కొలిమిలో తయారైనవే, వాటి వెల నామమాత్రం.

గుర్తింపులో మొదటి మెట్టు కాలిబర్ తెలుసుకోవడం. కాలిబర్ అంటే ఒక నిర్దిష్ట నమూనా యంత్రానికి తయారీదారు పెట్టిన పేరు లేదా సంఖ్య. దాని కొలతను ఇప్పటికీ లీన్ అనే పాత ఫ్రెంచి ప్రమాణంలో చెబుతారు. ఒక లీన్ 2.256 మిల్లీమీటర్లు. లాంజీన్ 13 జెడ్ఎన్ అన్నప్పుడు ఆ 13 లీన్‌ల లెక్క; ఓమేగా 30టి2 అన్నప్పుడు ఆ 30 యంత్రం వ్యాసం, మిల్లీమీటర్లలో. గొప్ప పేరున్న కంపెనీలన్నీ యంత్రాన్ని మొదటి నుంచి చివరి వరకు తామే తయారుచేసుకున్నాయనుకోవడం పొరపాటు. స్విట్జర్లాండులో చాలాకాలం ముడి యంత్రాలను, అంటే పూర్తి మెరుగు, సవరణ ఇంకా జరగని చట్రాలను, వేరే కర్మాగారాలు చేసి అమ్మేవి. వీటిని ఎబోష్‌లు అంటారు. గ్రెంఖెన్‌లో 1896లో మొదలైన ఎ. షీల్డ్, ఫోంటెన్‌మెలాన్ కర్మాగారం మొదలైనవి 1926లో ఎబోష్ ఎస్.ఎ. అనే కూటమిగా ఏర్పడ్డాయి. అందువల్ల డయలు మీద పది రకాల పేర్లున్న పది గడియారాల్లో ఒకే ఎ. షీల్డ్ యంత్రం ఉండడం వింత కాదు. ఆ కర్మాగారం గుర్తు తరచుగా బ్యాలెన్స్ చక్రం అంచు కింద, అడుగు పలక మీద, కాలిబర్ సంఖ్యతో కలిపి చెక్కి ఉంటుంది. చక్రం ఊగుతున్నప్పుడు కనబడదు, ఆగినప్పుడు కంటి అద్దంతో ఓరగా చూస్తే కనబడుతుంది.

గుర్తు లేని యంత్రాలకు మరొక దారి ఉంది. మర లాగినప్పుడు ముళ్ళు తిప్పే స్థితికి మార్చే మీటను అదిమి పట్టే పలుచని స్ప్రింగు ఒకటి డయలు కింద ఉంటుంది. దాని ఆకారాన్ని ప్రతి తయారీదారు ప్రతి కాలిబర్‌కు కాస్త భిన్నంగా కోసేవారు. ఆ తేడానే ఆధారంగా చేసుకొని, వేలిముద్రలు పోల్చిన పద్ధతిలో యంత్రాన్ని పట్టుకునే బెస్ట్‌ఫిట్ సంపుటాలు అమెరికాలో వెలువడి, రిపేరుదారుల బల్లల మీద దశాబ్దాలు నిలిచాయి. ఇంత శ్రమ ఎందుకంటే విడిభాగం తెప్పించుకోవాలంటే ముందు కాలిబర్ తెలియాలి. చరిత్రకారులకు నేడు ఉపయోగపడుతున్న విజ్ఞానంలో పెద్ద భాగం ఇలా విడిభాగాల అవసరం నుంచి పుట్టిందే. ఈ పద్ధతికి డయలు విప్పవలసి ఉంటుంది. కేసు తెరిచి చూసినంత మాత్రాన గుర్తింపు పూర్తయిందనుకునే అమ్మకందారుల మాట మీద ఆధారపడరాదు.

కాలిబర్ తెలిసిన తరువాత దాని తయారీ ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు సాగిందో తెలుస్తుంది. ఇది కాలానికి గీసిన రెండు గట్లు. 30టి2 కుటుంబం 1939లో మొదలైంది. ఓమేగా స్పీడ్‌మాస్టర్‌లోని 321 యంత్రం స్థానంలో 1968లో 861 వచ్చింది. ఈ గట్ల మధ్య ఏ సంవత్సరమో చెప్పేది వరుస సంఖ్య. లాంజీన్ 1867 నుంచి యంత్రాలకు వరుస సంఖ్యలు వేసింది. 1899లో పది లక్షలు, 1956లో కోటి చేరింది. ఓమేగాలో కోటి సంఖ్య 1944 ప్రాంతంలోనూ, రెండు కోట్లు 1963 ప్రాంతంలోనూ వస్తాయని సేకర్తలు వాడే పట్టికలు చూపుతాయి. ఈ ‘ప్రాంతం’ అన్న మాటను తేలికగా తీసుకోకూడదు. సంఖ్య యంత్రం మీద పడిన రోజు, ఆ యంత్రం కేసులోకి ఎక్కిన రోజు, గడియారం అమ్ముడైన రోజు ఒకటి కావు. ఒకే కాలిబర్‌కు ఒక సంఖ్యల కట్టను ముందుగానే కేటాయించి, ఆ కట్టను రెండు మూడేళ్ళపాటు వాడుకోవడం కర్మాగారాల్లో మామూలు. అందువల్ల ఈ పట్టికలను పట్టుకొని ఫలానా సంవత్సరమని తేల్చి చెప్పడం కన్నా రెండు మూడేళ్ళ వెడల్పుతో చెప్పడమే శాస్త్రీయం.

రోలెక్స్ విషయంలో దారి మారుతుంది. ఆ కంపెనీ యంత్రాలు బీల్‌లోని ఎగ్లెర్ కర్మాగారం నుంచి వచ్చేవి. కాలనిర్ణయానికి వాడే వరుస సంఖ్య మాత్రం కేసు మీద, పట్టీ తగిలించే కొమ్ముల మధ్య ఉంటుంది. 1950లలో, 1960లలో వెనుక మూత లోపలివైపు రోమన్ అంకెతో త్రైమాసికాన్ని, పక్కన సంవత్సరపు చివరి రెండు అంకెలను ముద్రించే అలవాటు ఉండేది. మూడవ రోమన్ అంకె పక్కన 55 ఉంటే 1955 జూలై, సెప్టెంబరు మధ్యదని అర్థం. ఇది చక్కని సాక్ష్యమే గాని మూతకు సంబంధించిన సాక్ష్యం, మూతలు మారతాయి. పటెక్ ఫిలిప్ యంత్రానికి, కేసుకు వేర్వేరు సంఖ్యలు వేసి రెండింటినీ ఒకే లెక్కలో రాసిపెట్టుకున్నందున, ఆ కంపెనీ దస్తావేజుల నుంచి తీసిన నకలు రెండూ మొదటి నుంచి కలిసే ఉన్నాయో లేదో చెప్పగలదు. మూడు పద్ధతుల్లోనూ ఈ జంట సంఖ్యల పద్ధతే మేలైనది.

సంఖ్యలు అరిగిపోయినా, పట్టికలు లేకపోయినా యంత్రపు నిర్మాణమే కొంత కాలాన్ని పట్టి ఇస్తుంది. ప్రత్యేకమైన తాళపు చెవితో స్ప్రింగు బిగించే జేబు గడియారం సాధారణంగా 19వ శతాబ్దానిది. ఆద్రియాన్ ఫిలిప్ 1840లలో మర ద్వారానే బిగించే ఏర్పాటు కనిపెట్టిన తరువాత కూడా చెవి గడియారాలు కొన్ని దశాబ్దాలు సాగాయి. అంచు కోసి, రెండు లోహాలు కలిపి చేసిన బ్యాలెన్స్ చక్రం, దాని చుట్టూ బుల్లి స్క్రూలు ఉన్నాయంటే వేడికి, చలికి వచ్చే తేడాను ఆ చక్రమే సరిదిద్దుకునే కాలానికి చెందినది. ఇన్వార్ మిశ్రలోహం మీద చేసిన కృషికి షార్ల్ ఎదువార్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్రపు నోబెల్ వచ్చింది. ఆ పరిశోధన దారిలో 1930లలో నివారాక్స్ హెయిర్ స్ప్రింగులు వచ్చాక వేడికి చక్రం చేసే సర్దుబాటు అక్కరలేకపోయింది, కోత లేని చక్రాలు వాడుకలోకి వచ్చాయి. నలభై డిగ్రీలు దాటే వేసవి ఉన్న నల్లగొండ వంటి సీమలో ఈ తేడా కాగితం మీది తేడా కాదు. పాత కోత చక్రపు గడియారం సవరణ చెడితే మే నెలలో ఒక నడక, డిసెంబరులో ఒక నడక నడుస్తుంది.

కిందపడినా ఇరుసు విరగకుండా కాపాడే ఇంకాబ్లాక్ అమరిక ఈ తరహా సాక్ష్యాల్లో అన్నిటికన్నా సులువైనది. బ్యాలెన్స్ చక్రం నడిమి రాయి మీద వీణ ఆకారంలో బంగారు రంగు స్ప్రింగు కనిపిస్తే యంత్రం 1930ల మధ్యకన్నా ముందుది కాదు. ఇక్కడ భారతీయ పాఠకుడికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. 1886లో బొంబాయిలో వ్యాపారం మొదలుపెట్టిన వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ, తాను 1934లో సవార్ ప్రైమా నమూనాలో ఇంకాబ్లాక్‌ను వాడానని, చేతి గడియారాల్లో అదే తొలి వాడుకని చెప్పుకుంటుంది. సవార్ అంటే గుర్రపు రౌతు. తెలుగులో సవారీ అన్న మాట ఆ ఇంటి మాటే. యంత్రాలు లాంజీన్ వంటి కర్మాగారాలవి, పేరు హిందుస్తానీ సైన్యానిది, కొనుగోలుదారులు సైనికులు, రైల్వే ఉద్యోగులు, గుమాస్తాలు. కనుక డయలు మీద వెస్ట్ ఎండ్ అని ఉన్న గడియారం తెరిచినప్పుడు లాంజీన్ గుర్తు కనిపిస్తే ఎవరో యంత్రం మార్చేశారని తొందరపడకూడదు. అది పుట్టుకతోనే అలా ఉండే అవకాశం ఎక్కువ.

ఇలాంటిదే మరొక చిక్కు రివర్సో. భారతదేశంలో పోలో ఆడే బ్రిటిష్ అధికారుల గడియారపు అద్దాలు పగులుతున్నాయన్న ఫిర్యాదు నుంచి, ముఖాన్ని బోర్లా తిప్పుకునే ఈ గడియారం పుట్టింది. 1931 మార్చిలో పారిస్‌లో పేటెంటుకు దరఖాస్తు పడింది. తొలి రెండేళ్ళు ఇందులో తవాన్ కంపెనీ యంత్రం ఉండేది, 1933 ప్రాంతం నుంచి లెకూల్త్ర్ సొంత యంత్రం వచ్చింది. 1931 నాటి రివర్సోలో లెకూల్త్ర్ యంత్రం కనిపించడమే అనుమానించవలసిన విషయం, తవాన్ కనిపించడం కాదు. గొప్ప పేరున్న యంత్రం ఉంటే అసలుదనీ, పేరులేనిదుంటే నకిలీ అనీ తీర్పు చెప్పే అలవాటుకు ఇంతకన్నా మంచి సమాధానం లేదు.

చట్టాలు, ముద్రలు ఇచ్చే ఆధారాలు తక్కువ మాటల్లో చెప్పుకోవచ్చు. జెనీవా నగరపు ముద్ర 1886 చట్టంతో వచ్చింది, కాబట్టి బ్రిడ్జి మీద ఆ గద్ద, తాళపు చెవి గుర్తు ఉంటే యంత్రం అంతకు ముందుది కాదు. పటెక్ ఫిలిప్ 2009లో దానిని విడిచి తన సొంత ముద్ర పెట్టుకుంది. స్విస్ శిలువ పక్కన ఉన్న సంఖ్య పేటెంటు సంఖ్య. అక్కడ పేటెంటు చట్టం 1888లో అమలైంది, ఆ పేటెంటు ఏటిదో చూసుకుంటే యంత్రం అంతకన్నా పాతది కాలేదని తేలుతుంది. స్విస్ 1880 చట్టం తరువాత 18 క్యారెట్ల బంగారు కేసుకు స్త్రీ శిరస్సు, 14 క్యారెట్లకు ఉడుత, వెండికి ఎలుగుబంటి లేదా అడవికోడి గుర్తులు పడ్డాయి. బ్రిటన్‌లోకి దిగుమతి అయిన విదేశీ కేసులకు 1907 నుంచి అక్కడి పరీక్షా కార్యాలయాల ముద్ర, దానితోపాటు సంవత్సరాన్ని సూచించే అక్షరం ఉంటాయి. ఇవన్నీ కేసు వయసు చెప్పే ముద్రలే. భారతదేశంలో యంత్రాన్ని మాత్రమే తెప్పించుకొని స్థానికంగా చేయించిన కేసులో అమర్చడం కూడా ఉన్నందున, కేసు మీద ఏ ముద్రా లేకపోవడం దానంతట అది నకిలీకి రుజువు కాదు.

నిజాం రాజ్యపు గడియారాలకు మాత్రం స్విస్ పుస్తకాల్లో దొరకని ఒక ప్రత్యేక సమస్య ఉంది, అది చెక్కిన తేదీ. బహుమతిగా, పదవీ విరమణకు, పెళ్ళికి ఇచ్చిన గడియారాల మూత మీద పేరు, సంవత్సరం చెక్కించడం లోకమంతటా ఉన్న అలవాటు. హైదరాబాదు సంస్థానంలో కార్యాలయాలు వాడిన లెక్క ఫసలీ. దానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది. మతపరమైన, కుటుంబ సందర్భాల్లో హిజ్రీ లెక్క నడిచేది. మూత మీద 1340 అని మాత్రమే ఉంటే, అది ఫసలీ అయితే 1930-31, హిజ్రీ అయితే 1921-22, తొమ్మిదేళ్ళ తేడా. జేబు గడియారం నుంచి చేతి గడియారానికి లోకం మారుతున్న ఆ దశాబ్దంలో తొమ్మిదేళ్ళంటే చిన్న తేడా కాదు. ఇక్కడే యంత్రం న్యాయనిర్ణేత అవుతుంది: వరుస సంఖ్య 1927 నాటిదని తేలితే, మూత యంత్రంతోపాటు వచ్చిందే అయినప్పుడు, హిజ్రీ లెక్క కుదరదు, చెక్కినది ఫసలీ సంవత్సరమే. రైల్వే అక్షరాలు కూడా ఇలాగే పనికివస్తాయి. 1883లో ఏర్పడిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1930లో సంస్థానం చేతికి వచ్చాక నిజాం స్టేట్ రైల్వే అయింది, 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. ఎన్.జి.ఎస్.ఆర్. అని చెక్కి ఉంటే 1930కి ముందు మాట, జి లేకుండా ఉంటే తరువాతి మాట.

మద్రాసు దారిన వచ్చిన వాటి డయళ్ళ మీద తయారీదారు పేరుతోపాటు, లేదా దానికి బదులు, మద్రాసు మౌంట్ రోడ్డులోని పి. ఆర్ అండ్ సన్స్ వంటి అంగడి పేరు ఉండవచ్చు. కలకత్తా వైపు కుక్ అండ్ కెల్వీ పేరు అలాంటిది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ జనం గుమిగూడి చూసే సంగీత గడియారం మీద ఉన్నదీ ఈ కుక్ అండ్ కెల్వీ పేరే. చిన్న బొమ్మ తలుపు తీసుకొని వచ్చి గంట కొట్టి వెళ్ళే ఆ గడియారపు భాగాలు ఇంగ్లండు నుంచి వచ్చినవి, కూర్పు కలకత్తాలో జరిగింది. అమ్మినవాడి పేరునూ, చేసినవాడి పేరునూ వేరు చేసి చదవాలన్న పాఠానికి అంతకన్నా పెద్ద ఉదాహరణ రాష్ట్రంలో లేదు.

డయలు అన్నిటికన్నా బలహీనమైన సాక్షి. అడుగున స్విస్ అన్న మాటకు రెండు వైపులా టి అనే అక్షరం ఉంటే చీకట్లో వెలిగే పూతలో ట్రిటియం వాడారని, అంటే 1960ల నుంచి 1990ల చివరి వరకు గల కాలమని అర్థం. అంతకు ముందు వాడినది రేడియం. వెలుగు ఎప్పుడో చచ్చిపోయినా రేడియం పూత ప్రమాదం చావదు, కాబట్టి పాత డయలు మీది పసుపు పచ్చని పూతను గోటితో గీకడం, ఊదడం చేయరాదు. ఈ గుర్తులన్నీ డయలు అసలుదైనప్పుడే పనికివస్తాయి. మన దేశంలో వెలిసిన డయలును గీకి, రంగు వేసి, పేరు మళ్ళీ అచ్చు వేయించడం దశాబ్దాలుగా సాగుతున్న పని. విదేశీ సేకర్తలు ఇలాంటి వాటిని బొంబాయి పేరుతో వెక్కిరిస్తారు. ఆ వెక్కిరింత సగమే న్యాయం. చెమటకు, తేమకు నల్లబడిన డయలును కొత్తగా చేయించుకున్న రైతు ఎవరినీ మోసం చేయలేదు. అతనికి కావలసింది టైము కనబడడం. మోసం మొదలయ్యేది దానినే అసలుదని అమ్మినప్పుడు.

మూడవ పొర గడియారాలను విలాస వస్తువుల చర్చలోకి తేవడం కొందరికి నచ్చకపోవచ్చు. అయితే నేరేడుచర్ల వంటి ఊరిలో 1970లలో పెళ్ళికి వచ్చిన వాచీ ఆ ఇంటికి విలాస వస్తువే, పైగా కాలనిర్ణయ సూత్రాలు దానికి ఏ మాత్రం మారవు. హెచ్.ఎం.టి. 1961లో జపాను సిటిజన్ సహకారంతో బెంగుళూరులో గడియారాల తయారీ మొదలుపెట్టింది. తొలినాళ్ళ డయళ్ళ మీద సిటిజన్ పేరు కూడా ఉండేది, తరువాత అది పోయి హెచ్.ఎం.టి. మాత్రమే మిగిలింది. డయలు మీది పేరా షాక్ అన్న మాట సిటిజన్ అదురు రక్షణకు పెట్టుకున్న పేరు; బంధుత్వం డయలు మీదనే మిగిలి ఉందన్నమాట. జనతా, పైలట్, జవాన్ మొదలైన కీ వాచీల్లో ఎక్కువగా ఉండేది 17 రాళ్ళ 0231 యంత్రం. ఒకే యంత్రం ఇన్ని నమూనాల్లో, ఇన్నేళ్ళు సాగడం వల్ల స్విస్ గడియారాల విషయంలో బలమైన కాలిబర్ ఆధారం ఇక్కడ బలహీనపడుతుంది: 0231 కనబడితే హెచ్.ఎం.టి. అని తెలుస్తుంది, ఏ ఏడాదిదో తెలియదు. పైగా ఒకదాని యంత్రం మరొకదానిలో చక్కగా కూర్చుంటుంది గనుక, జనతా యంత్రం, పైలట్ డయలు, మరొకదాని కేసు కలిసిన వాచీలు కోకొల్లలు. ఇక్కడ కొనుగోలు రసీదు, గ్యారంటీ కార్డు, పెళ్ళి ఫొటోలో పెళ్ళికొడుకు ఎడమ చెయ్యి, ఇవే యంత్రంకన్నా మంచి సాక్షులు. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచీల సంస్థ మూసివేతకు ఆమోదం తెలిపింది.

హైదరాబాదు సొంత గడియారం ఆల్విన్. 1942లో ఆల్విన్ మెటల్ వర్క్స్‌గా మొదలై, బస్సు బాడీలకు, రిఫ్రిజిరేటర్లకు పేరుబడిన ఈ సంస్థ 1980లలో జపాను సీకో సహకారంతో చేతి గడియారాలు తయారుచేసింది. దీని మీద జరగవలసిన పరిశోధన జరగలేదు, హెచ్.ఎం.టి. మీద ఉన్న అభిమానంలో పదో వంతు ఆల్విన్‌కు దక్కలేదు, తెలుగు నేల మీద తయారైన గడియారానికి తెలుగువారే ఇంత ఉదాసీనంగా ఉండడం ఆశ్చర్యకరం. ఇక గల్ఫ్‌కు వెళ్ళినవారు చేతికి పెట్టుకొని వచ్చిన సీకో ఆటోమేటిక్ గడియారం తన వయసును మూత మీదనే చెబుతుంది. అక్కడి నాలుగంకెల సంఖ్య కాలిబర్, దాని పక్కది కేసు సంఖ్య. విడిగా ఉన్న వరుస సంఖ్యలో మొదటి అంకె సంవత్సరపు చివరి అంకె, రెండవది నెల, అక్టోబరుకు సున్న, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి. వరుస సంఖ్య 83తో మొదలైతే 8తో ముగిసే ఏదో ఒక సంవత్సరపు మార్చి. అది 1978నా, 1988నా అన్నది కాలిబర్ ఆయుర్దాయాన్ని బట్టి తేల్చాలి. 7009 వంటి దీర్ఘాయువు యంత్రంలో రెండూ సాధ్యమే, అప్పుడు మళ్ళీ ఇంటివారి జ్ఞాపకాన్నే అడగవలసి వస్తుంది.

యంత్రం సాక్ష్యానికి హద్దు ఎక్కడుందో 2021 నవంబరులో జెనీవాలో జరిగిన ఒక వేలం చూపింది. ఒక పాత ఓమేగా స్పీడ్‌మాస్టర్ అక్కడ 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది; కొన్నది ఓమేగా మ్యూజియమే. 2023లో ఆ గడియారం వేర్వేరు గడియారాల భాగాలతో కూర్చినదని కంపెనీ స్వయంగా బయటపెట్టింది. యంత్రం అసలుదే, దాని సంఖ్యా అసలుదే. అది పుట్టింది వేరొక గడియారంలో. అంటే వరుస సంఖ్య యంత్రం పుట్టుకను చెప్పింది, ఆ మాట నిజమే. అయితే దానిని గడియారం మొత్తానికి పుట్టిన తేదీగా చదివినవారు పొరపడ్డారు. సొంత దస్తావేజులున్న కంపెనీకే ఈ పొరపాటు జరిగినప్పుడు, మూతలు, డయళ్ళు, మరలు చేతులు మారుతూ వచ్చిన గడియారాలకు యంత్రం సంఖ్య ఒక్కటే చాలుననడం సాహసం. యంత్రం, కేసు, డయలు మూడింటికీ విడివిడిగా తేదీలు కట్టి, ఆ మూడు ఒకదానితో ఒకటి పొసగుతాయో లేదో చూసి, పొసగనప్పుడు ఆ సంగతి దాచకుండా రాయడమే సరైన పద్ధతి.

ఇందుకు తోడ్పడే, ఎవరూ పట్టించుకోని ఆధారం ఒకటి మూత లోపలే ఉంటుంది. గడియారాన్ని శుభ్రం చేసి నూనె వేసిన ప్రతిసారి రిపేరుదారుడు తన గుర్తును, తేదీని సూదిమొనతో మూత లోపలివైపు గీసే అలవాటు ఉంది. కంటి అద్దంతో వాలుగా వెలుతురు పడేలా చూస్తే, మెరుగు పెట్టని ఆ వెండి, ఉక్కు తలం మీద ఒకదాని పక్కన ఒకటి సన్నని గీతలు తేలతాయి: ఒక చోట 12-58, దాని కింద వేరే చేతిరాతలో 3-64, ఇంకొంచెం పక్కగా రెండు అక్షరాలు. గడియారం ఆ ఏడు నడుస్తూ ఉండేదని, ఆ మూత అప్పటికే దానికి ఉందని ఈ గీతలు రుజువు చేస్తాయి. మూతను మెరుగుపెట్టిస్తే ఇవి ఒక్క నిమిషంలో మాయమవుతాయి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, నేరేడుచర్ల ప్రాంతాల్లో ఇంట్లో పాత గడియారం ఉన్నవారు దానిని మెరుగుకో, కొత్త డయలుకో ఇచ్చే ముందు మూత తెరిపించి, యంత్రాన్ని, మూత లోపలి గీతలను ఫొటో తీసి, యంత్రం మీది సంఖ్యను, అది ఎవరి చేతికి ఏ సందర్భంలో వచ్చిందో ఒక కాగితం మీద రాసి గడియారంతోపాటు ఉంచాలి. రిపేరులో తీసేసిన పాత భాగాలను, చిన్న స్క్రూ అయినా సరే, అడిగి తెచ్చుకొని అదే పెట్టెలో దాచాలి.